కీళ్లు మొరాయిస్తున్నా గోదావరి ఒడ్డున బొమ్మ వేయడం ఎలా

రాజమహేంద్రవరంలో పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుని బొమ్మలు వేసుకోవడం నాకు కాలేజీ రోజుల నాటి అలవాటు. పెళ్లి, ఉద్యోగం, పిల్లలు దాన్ని పలచన చేశాయి. కీళ్లవాతం, అంటే డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని రాసేది, వచ్చి పూర్తిగా తుడిచిపెట్టింది. ఆరేళ్లపాటు రంగుల పెట్టె అటక మీదే ఉండిపోయింది. మూడేళ్ల క్రితం మళ్లీ దించాం. దించింది మా అమ్మాయి. కింద నిలబడి జాగ్రత్తలు చెప్పింది నేను.

మొదటి రోజు చేసిన ఘనకార్యం చెప్పాక అసలు విషయానికి వస్తాను. తెల్లవారుజామున లేచి, మడత స్టాండు, పెద్ద కాగితం, ఇరవై నాలుగు రంగుల ట్యూబులు వేసుకుని రేవుకు వెళ్లాను. మూడు గంటలు కూర్చున్నాను. బొమ్మ సగమే అయింది. ఆ తర్వాత మూడు రోజులు మంచం మీద నుంచి లేవలేదు. కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ వచ్చాను: కాగితం, రంగులు, సమయం, చివరకు నా పట్టుదల కూడా. మిగిలినదే ఈ పద్ధతి. నా జబ్బు కీళ్లది కాబట్టి వేళ్ల గురించి ఎక్కువగా చెబుతాను. మీది లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు) కావచ్చు, ఉబ్బసం కావచ్చు, వారానికి మూడుసార్లు డయాలసిస్ కావచ్చు. కొలతలు మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఒక వారం కుంచె ముట్టుకోకండి

ఆ వారమంతా చేయవలసింది ఒక్కటే. రెండు గంటలకోసారి పిడికిలి బిగించి చూడండి. పూర్తిగా ముడుచుకుందా, సగంలో ఆగిందా, అసలు కదల్లేదా? క్యాలెండరు మీద టైమూ, ఒక గుర్తూ వేసుకోండి. పాలవాడి లెక్క రాసుకున్నట్టే. కీళ్లవాతం ఉన్నవారికి నిద్ర లేచాక గంటకు పైగా కీళ్లు బిగుసుకుని ఉండటం మామూలే. మందులు పనిచేసే వేళ, అలసట కమ్ముకునే వేళ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. వారం తిరిగేసరికి మీ రోజులో కాస్త మంచి సమయం ఎక్కడుందో క్యాలెండరే చూపిస్తుంది. నాకు అది మధ్యాహ్నం మూడున్నర నుంచి ఆరు దాకా.

ఇంకొక లెక్క కూడా ఉంది, అది మోసకారి. బయట కూర్చున్నంతసేపూ బాగానే అనిపిస్తుంది. గాలి, నీళ్లు, పాత సరదా కలిసి నొప్పిని మరిపిస్తాయి. ఒళ్లు ఆ బాకీని మర్నాడు వసూలు చేస్తుంది. అందుకే ఎంతసేపు కూర్చోవచ్చనేది అక్కడ కూర్చుని నిర్ణయించకండి, మర్నాటి పొద్దున్నను బట్టి నిర్ణయించండి. మొదటిసారి ఇరవై నిమిషాలు చాలు. ఫోనులో అలారం పెట్టుకోండి. మర్నాడు మామూలుగా లేవగలిగితే అదే ఇరవై నిమిషాలు మరో రెండుసార్లు చేయండి. మూడుసార్లూ ఫరవాలేదనిపించాకే ఇంకో అయిదు నిమిషాలు కలపండి. నేను ముప్పై అయిదు దగ్గర ఆగిపోయాను. నలభై అయితే మర్నాడు దొరికిపోతున్నాను.

ఈలోగా డాక్టరు దగ్గరకు వెళ్లే పని ఉంటే ఎండ గురించి అడగండి. లూపస్‌ను ఎండ రెచ్చగొడుతుంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ లాంటి కొన్ని మందులు వాడుతున్నప్పుడు చర్మం ఎండకు త్వరగా కందిపోవచ్చు. ఎంతసేపు ఉండవచ్చు, ఏ క్రీము రాసుకోవాలి అని అడిగి రాయించుకోండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారైతే జనం కిక్కిరిసే రోజులు మానుకోవడం మేలు. కార్తీక మాసంలో రేవులు దీపాలతో ఎంత అందంగా ఉన్నా, సోమవారాలు, పౌర్ణమి నాడు నేను ఇల్లు కదలను.

చోటు ఎంచుకునేటప్పుడు అందం చివర చూడండి

నీడ ఉందా? వీపు ఆనించుకునే కుర్చీ దొరుకుతుందా? ఆటో ఎంత దగ్గరగా వస్తుంది? మరుగుదొడ్డి ఎక్కడ? ఈ నాలుగూ కుదిరాకే దృశ్యం సంగతి. మెట్ల మీద కూర్చోవడం చూడటానికి బాగుంటుంది కానీ, మోకాళ్ల కన్నా పిరుదులు కిందికి పోయే ఏ ఆసనమూ మనకు పనికిరాదు. కూర్చోవడం కాదు, లేవడమే సమస్య. రేవు పైన టీ కొట్టు నడిపే ఆవిడ నా కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ పక్కన పెడుతుంది. దాని ఎత్తు పెంచడానికి ఒక గట్టి దిండు తీసుకుని వెళతాను.

తర్వాత వెలుగు. బొమ్మలు వేసేవాళ్లంతా పొద్దుటి వెలుగు, పొద్దుటి వెలుగు అని కలవరిస్తారు. నిజమే, ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి పొద్దున్న సూర్యుడు మన వెనక ఉంటాడు. ఎదురుగా కొవ్వూరు వైపు చెట్లు, ఇసుక తిన్నెలు, లంకలు ఆకు ఆకూ కనిపించేంత స్పష్టంగా వెలుగుతాయి. కానీ ఆ వేళకు నా వేళ్లు తెరుచుకోవు. తెరుచుకునే తొమ్మిది, పదింటికి వెలుగు చప్పబడిపోతుంది. చాలా రోజులు దీని గురించి ఏడ్చాను.

సాయంత్రాలు వెళ్లడం మొదలుపెట్టాక తెలిసింది, నా చేతులకు కావలసిన వెలుగు అదేనని. సాయంత్రం సూర్యుడు నది అవతల దిగుతాడు. వెలుగు మన కళ్లలోకి వస్తుంది కాబట్టి అవతలి ఒడ్డు, పడవలు, వంతెన అన్నీ నల్లని నీడలైపోతాయి. కొమ్మలు, కిటికీలు, ఇటుకలు ఏవీ కనిపించవు. కనిపించనివి వేయనక్కర్లేదు. ఒక లేత రంగు, ఒక ముదురు రంగు, మధ్యలో మెరిసే నీళ్లు. చిన్న చిన్న గీతలు గీయలేని చేతికి ఇంతకన్నా దయగల దృశ్యం లేదు. మీరున్న ఊళ్లో నది లేకపోయినా ఫరవాలేదు. చెరువు గట్టు, పొలం, మేడ మీద నుంచి కనిపించే నీళ్ల ట్యాంకులు, ఏదైనా సరే, సూర్యుడికి ఎదురుగా చూస్తే సగం పని తగ్గిపోతుంది. సూర్యబింబాన్ని మాత్రం నేరుగా చూడకండి. టోపీ అంచునో చెట్టుకొమ్మనో అడ్డం ఉంచుకోండి.

కాలం సంగతి క్లుప్తంగా: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మనది. మేలో నలభై డిగ్రీలు దాటే రోజుల్లో రంగు కాగితం మీద పడకముందే ఎండిపోతుంది, మనమూ అంతే. జులై, ఆగస్టుల్లో వరద వస్తే రేవు దగ్గరికి పోకండి. ఆ ఎర్ర నీళ్లను ఎత్తయిన గట్టు మీద నుంచో, ఎవరింటి మేడ మీద నుంచో చూడండి.

సామాను

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే నన్ను ఇన్నేళ్లు ఆపింది బొమ్మ కాదు, మూతలు.

కాగితం: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువని) మందం ఉన్న నీటిరంగుల కాగితం. ఏ4 సైజు పుస్తకం కొని ఒక్కో కాగితాన్ని నాలుగు ముక్కలు చేయించండి. చేయించండి అన్నాను, మీరు కత్తెర పట్టకండి. ఆ మందం కోయడానికి బొటనవేలు బలం కావాలి. ముక్క పోస్టుకార్డు అంత ఉంటుంది. చిన్నతనంగా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఇరవై నిమిషాల్లో నిండే కాగితం అదే.

కార్డును నిలిపి ఉంచడానికి పిల్లల పరీక్ష అట్ట చాలు. దాని క్లిప్పు జోలికి పోకండి, నొక్కి తెరవలేరు. రెండు రబ్బరు బ్యాండ్లు వేయండి. అంటించే టేపు కూడా వద్దు, గోటితో గీరి లాగాలి.

కుంచెలు రెండే: గుండ్రనిది ఎనిమిదో నంబరు, బల్లపరుపుది అర అంగుళం వెడల్పు. సన్నటి కుంచె పిడిని గట్టిగా పట్టుకోవడమే వేళ్లకు శిక్ష. దాన్ని లావు చేయాలి. పాత నూలు చీర అంచు చించి, పిడికి అట్లకాడ పిడి అంత లావు వచ్చేదాకా చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేయండి. సైకిలు హ్యాండిలుకు తొడిగే స్పాంజి గొట్టం కూడా బాగుంటుంది. ఇక పట్టుకోవడం. కలం పట్టుకున్నట్టు కాకుండా అట్లకాడ పట్టుకున్నట్టే అరచేతిలో వదులుగా పట్టుకోండి. కదలిక మోచేతి నుంచి, భుజం నుంచి రావాలి. మొదటి వారం అంతా పిండి కలుపుతున్నట్టు ఉంటుంది. తర్వాత అలవాటవుతుంది. నీళ్లు లోపలే ఉండే ప్లాస్టిక్ కుంచెలు ప్రయాణాలకు మంచివని అంటారు. నాకు పనికిరాలేదు. ప్రతి గీతకూ గొట్టం పిసకాలి.

రంగులు అయిదు: నిమ్మపండు పసుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ రంగు), అల్ట్రామెరైన్ నీలం, క్రిమ్సన్ ఎరుపు. నలుపు కొననక్కర్లేదు. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపితే లేత బూడిద నుంచి చిక్కటి నీడ వరకు అన్నీ వస్తాయి. గోదావరి సాయంత్రాలు ముప్పాతిక వంతు ఈ రెండింటిలోనే ఉన్నాయి.

ట్యూబు మూతల సమస్యకు నా దగ్గర ఉన్న పరిష్కారం మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. వారానికి సరిపడా మాత్రలు వేసుకునే ఏడు గళ్ల డబ్బా. పాతది ఒకటి తీసి, మూతలు విరగ్గొట్టించి, శుభ్రంగా కడిగి, ట్యూబులు తెరవగలిగే మనిషి ఇంట్లో ఉన్న రోజున అయిదు గళ్లలో రంగులు పిండించండి. రెండు రోజులు నీడన ఆరనివ్వండి. గట్టిపడిన రంగు మీద తడి కుంచె రాస్తే మళ్లీ కరుగుతుంది. చవక రంగులు ఆరాక పగుళ్లిస్తాయి. పిండేటప్పుడే చుక్క గ్లిజరిన్ కలిపితే కాస్త నయం. ఆరవ గడి, ఏడవ గడి రంగులు కలుపుకోవడానికి. సోమవారం గడిలో పసుపు, మంగళవారంలో ఓకర్. పొద్దున్న మందులకూ సాయంత్రం రంగులకూ ఒకే రకం డబ్బా. మొదట్లో నాకే నవ్వొచ్చింది. రెండు డబ్బాలనూ ఒకే చోట మాత్రం పెట్టకండి.

నీళ్లకు రెండు వెడల్పాటి పెరుగు డబ్బాలు, నొక్కితే తెరుచుకునే మూత ఉన్న అర లీటరు సీసా. గోదావరి నీళ్లతోనే గోదావరిని వేయాలన్న ముచ్చట నాకూ ఉండేది. నేను వాడే మందులతో ఆ ముచ్చట వద్దనుకున్నాను. ఇంకొక మాట: కుంచె కొసను పెదవులతో సన్నం చేసే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి.

అంతా కలిపి సంచిని వంటింటి త్రాసు మీద పెట్టండి. ఒకటిన్నర కిలో దాటితే ఏదో ఒకటి తీసేయండి. సంచి చేతికి కాదు, మెడ మీదుగా అడ్డంగా వేసుకునేది కావాలి.

ఇరవై నిమిషాల బొమ్మ

మొదటి అయిదు నిమిషాలు చూడటమే. అట్టముక్కలో రెండంగుళాలు, మూడంగుళాల కిటికీ ఒకటి కోయించి పెట్టుకోండి. దాన్ని కంటి ముందు అటూ ఇటూ జరుపుతూ, లోపల ఒకే ఒక్క ముఖ్యమైన వస్తువు పడేలా చూసుకోండి. ఒక పడవ, లేదా వంతెన, లేదా లంక. మూడూ కావాలనిపిస్తుంది. మూడూ వేయలేరు. తర్వాత కళ్లు చికిలించి చూడండి. వివరాలు మాయమై లేత, మధ్యస్థం, ముదురు మూడే మిగులుతాయి. వేయవలసింది ఆ మూడింటినే.

పెన్సిలుతో మూడు గీతలు చాలు. 4బి లాంటి మెత్తటిదైతే నొక్కే పని ఉండదు. అవతలి ఒడ్డు గీత కాగితం నట్టనడుమ రాకుండా పైకో కిందికో జరపండి.

ఇక బల్లపరుపు కుంచెతో కాగితమంతా తడపండి, మధ్యలో నీళ్ల మెరుపు ఉండే చోట సన్నటి పట్టీ మాత్రం పొడిగా వదిలేయండి. ఆ తెల్లదనాన్ని తర్వాత ఏ రంగూ తిరిగి ఇవ్వలేదు. సూర్యుడి వైపు పలచటి ఓకర్, దానికి కొంచెం క్రిమ్సన్, పైకి పోయేకొద్దీ నీలం. అదే కుంచెతో అదే రంగును కింది నీళ్లలోకీ లాగండి. ఆకాశం ఏ రంగులో ఉంటే నది ఆ రంగులోనే ఉంది, వేరే రంగు వెతకకండి. దీనికి రెండు నిమిషాలు.

ఇప్పుడు ఆగాలి. డిసెంబరు సాయంత్రం నది ఒడ్డున ఈ తడి ఆరడానికి అయిదు నుంచి పది నిమిషాలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ ఎదురుచూపు విసుగు, మనకు ఇది విశ్రాంతి. నేను సరిగ్గా అప్పుడే టీ చెబుతాను. వేడి గాజు గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుంటే బిగిసిన వేళ్లు ఒక్కొక్కటే వదులవుతాయి. టీ తాగే లోపల కాగితం కూడా సిద్ధం. నీటిరంగులు నాకు నచ్చడానికి కారణం ఇదే: ప్రతి పొరకూ మధ్య ఒళ్లు కూర్చోవలసిన సమయం వాటిలోనే ఉంది.

కాగితాన్ని వేలి వెనక వైపుతో తాకండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. ఆరాక అవతలి ఒడ్డు: నీలం, సియెన్నా బాగా పలచగా కలిపి ఒకే లాగు. తర్వాత దానికన్నా ముదురుగా వంతెన. 1997లో వచ్చిన ఆర్చి వంతెనకు ఇరవై ఎనిమిది కమానులు ఉన్నాయి. ఒక సాయంత్రం అన్నీ వేయాలని కూర్చుని పదకొండో కమాను దగ్గర మణికట్టు పట్టేసింది. మూడు కమానులు స్పష్టంగా వేసి, నాలుగోది సగంలో నీళ్లలా కరగనివ్వండి. మిగిలిన ఇరవై నాలుగింటినీ చూసేవాళ్లే పూర్తి చేసుకుంటారు. చివరగా దగ్గరి పడవ, అన్నిటికన్నా చిక్కటి రంగుతో, గుండ్రని కుంచె పొట్టతో ఒక్క ఒత్తు. పడవవాడిని వేయాలనుకుంటే ఒక చుక్క, దాని కింద ఒక గీత.

అలారం మోగితే ఆపేయండి. పడవ సగమే ఉన్నా సరే. ఇంటికి వెళ్లి పూర్తి చేసుకోవడానికి ఫోనులో ఒక ఫొటో తీసుకోవచ్చు కానీ దాని రంగులను నమ్మకండి. సాయంత్రపు నీడలను అది మరీ నల్లగానో, లేకపోతే పగటి వేళలానో చూపిస్తుంది.

చుట్టూ జనం చేరతారు. ఇది మన దేశంలో తప్పదు. "ఎంతకు అమ్ముతారండీ?" అని అడుగుతారు, "వేళ్లకేమయిందమ్మా?" అని అడుగుతారు. పసుపు, మెంతుల వైద్యం చెబుతారు. రెండో ప్రశ్నకు ముందుగానే ఒక వాక్యం తయారుగా ఉంచుకోండి, లేకపోతే ఇరవై నిమిషాలూ జబ్బు కథతోనే అయిపోతాయి. నా వాక్యం: "కీళ్లవాతమండీ, డాక్టరు చూస్తున్నారు, కొంచెం వెలుగు వదలండి." ఒకసారి స్కూలు పిల్లవాడు చాలాసేపు చూసి, "వంతెన వంగిపోయిందండీ" అన్నాడు. నిజంగానే వంగింది. కుర్చీ పక్కకు ఒరిగి ఉంది, నాతోపాటు గీతా ఒరిగింది. అప్పటి నుంచి మొదట అవతలి ఒడ్డు గీత, అట్ట అంచు సమానంగా ఉన్నాయో లేదో సరిచూసుకుంటాను.

కదలలేని రోజులు

ఉంటాయి. వాపు వచ్చిన రోజున బయలుదేరకండి, వేళ్లను బలవంతంగా వంచకండి. ఆ రోజుకు కిటికీయే రేవు. మా వంటింటి కిటికీలోంచి ఎదురింటి కొబ్బరిచెట్టు, వాళ్ల ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి. వాటిని కనీసం నలభై సార్లు వేసి ఉంటాను. ఓపిక ఉండి నడక లేని రోజున ఆటోను గట్టు మీద నీడలో ఆపించి, లోపలే కూర్చుని వేయండి. వెయిటింగుకు ఎంతో ముందే మాట్లాడుకుంటే ఆ అబ్బాయికీ మనకూ మొహమాటం ఉండదు.

ఇలాంటి ఏర్పాట్లు చేసుకోవడం నామోషీ అనిపిస్తే ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ సంగతి గుర్తు చేసుకోండి. ఆయనదీ ఇదే జబ్బు. 1907లో దక్షిణ ఫ్రాన్సులోని కాన్య అనే ఊళ్లో ఆలివు తోట కొనుక్కున్నాడు. ఆ తోటలోనే అద్దాల గోడలతో చిన్న గది కట్టించుకుని, చలిగాలి తగలకుండా లోపల కూర్చుని చెట్లను వేశాడు. వంకర తిరిగిపోయిన చేతులకు చర్మం ఒరుసుకోకుండా గుడ్డ చుట్టుకునేవాడు. కుంచెను పక్కనున్నవాళ్లు చేతిలో పెట్టేవారు. 1919లో పోయేవరకు వేస్తూనే ఉన్నాడు. పక్కవాళ్ల చేత ట్యూబు మూత తీయించుకోవడానికి నాకు ఆ అద్దాల గది ధైర్యమిచ్చింది.

మన ఊళ్లోనే దామెర్ల రామారావు పేరిట చిత్రశాల ఉంది. 1897లో పుట్టి, 1925లో మశూచితో ఇరవై ఏడేళ్లకే పోయిన చిత్రకారుడు. కుంచె పట్టలేని వారం, కాళ్లు మాత్రం సహకరిస్తే అక్కడికి వెళ్లండి. ఒకే బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడి, దేన్ని వేయకుండా వదిలేశాడో వెతకండి. అన్నీ చూడాలని తిరగకండి, అది కూడా నడకే.

ఇంటికి వచ్చాక

కుంచెలు కడగడానికి గోరువెచ్చని నీళ్లు వాడండి, అవే నీళ్లు వేళ్లకూ వైద్యం. సామాను సర్దడం మర్నాటికి వాయిదా వేయండి. ఎవరైనా వచ్చి చూపించమంటే చూపించండి కానీ, "ఇంకా పూర్తి కాలేదు" అని సంజాయిషీ చెప్పకండి.

కార్డు వెనక తేదీ, చోటు, ఎంతసేపు కూర్చున్నారో, చేయి ఎలా ఉందో రాయండి. మర్నాడు లేచాక ఇంకొక వరుస కలపండి. ఎప్పుడు అయిదు నిమిషాలు పెంచవచ్చో, ఎప్పుడు తగ్గించాలో ఆ వరుసలే చెబుతాయి. నా డబ్బాలో పైన ఉన్న కార్డు వెనక ఇలా ఉంది: "డిసెంబరు 14. పుష్కరాల రేవు. 4.45 నుంచి 5.10. కుడి చూపుడు వేలు వాపు. ఆకాశం కుదిరింది. పడవ మునిగిపోయేలా ఉంది." దాని కింద వేరే సిరాతో: "15. ఏడున్నరకు లేచాను. దోసెలు ఆయనే వేశారు, మాడ్చారు."